టెక్ సందేహాలు: బ్లూటూత్ చెవిలో పెట్టుకుని బీట్ కలపలేం తమ్ముడూ

ఈ వారం వచ్చిన మెసేజుల్లో సగం పైన డీజే గోలే. పెళ్ళిళ్ళ సీజన్ కదా, ఊరేగింపు బండి మీద హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించుకుని చెయ్యి ఊపే కుర్రాణ్ణి చూసి మనోళ్ళందరికీ అదే పూనినట్టుంది. సరే, ఫోన్ వేడెక్కుతోంది, ప్రింటర్ కదలట్లేదు లాంటివన్నీ వచ్చే వారానికి నెట్టేసి ఇవే పట్టుకుంటున్నా. బీట్ కలపడమంటే ఒక పాట దెబ్బ మీదే రెండో పాట దెబ్బ పడేట్టు చూసుకుని, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారడం.

మొదటిది నరసన్నపేట నుంచి. "అన్నా, ల్యాప్‌టాప్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి రెండు నెల్లయింది. స్పీకర్‌లో ఒక పాట నడుస్తంటే రెండోది బ్లూటూత్ బడ్స్‌లో విని కలుపుతున్నాను. చెవిలో బాగానే కలిసినట్టుంటాది, ఫేడర్ (సౌండ్ పెంచే స్లైడర్) ఎత్తితే మాత్రం గుర్రాలు పరిగెట్టినట్టు టకటకా టకటకా. నా చెవిలో లోపమా, సాఫ్ట్‌వేర్‌లో లోపమా, ఏటి సెయ్యాల?"

నీ చెవి బంగారం తమ్ముడూ, తప్పంతా ఆ బడ్స్‌ది. లెక్క చూడు. 120 బీపీఎం పాటంటే నిమిషానికి 120 దెబ్బలు, అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను, 500 మిల్లీసెకన్లు. మామూలు బ్లూటూత్ బడ్స్ పాటని కుదించి, గాల్లో పంపించి, మళ్ళీ విప్పేసరికి 150, 200 మిల్లీసెకన్లు తినేస్తాయి, కొన్నయితే ఇంకా ఎక్కువ. స్పీకర్‌లో పాట టైముకి వస్తోంది, చెవిలోది దాదాపు అర దెబ్బ వెనక వస్తోంది, నువ్వేమో ఆ వెనకపడ్డదాన్ని ముందుకి తోసి తోసి కలుపుతున్నావు, ఫేడర్ ఎత్తగానే ఆ తోసిందంతా బయటపడుతోంది. సినిమా చూసేటప్పుడు ఇది తెలీదు, ఎందుకంటే యాప్ బొమ్మని కూడా అంతే ఆలస్యంగా చూపించి సర్దేస్తుంది. డీజేకి ఆ సర్దుబాటు ఎవరు చేస్తారు?

కాబట్టి వైరున్న హెడ్‌ఫోనే. ల్యాప్‌టాప్‌కి ఉన్నది ఒక్క జాకే కదా అంటావు, దానికి డీజే స్ప్లిటర్ కేబుల్ అని ఉంటుంది, ఎడమ చానెల్ స్పీకర్‌కి, కుడి చానెల్ హెడ్‌ఫోన్‌కి విడగొడుతుంది, రెండూ మోనో అయిపోతాయి గానీ నేర్చుకోడానికి చాలు. షాపులో మామూలు హెడ్‌ఫోన్ స్ప్లిటర్ అంటగడతారు, అది రెండు వైపులా ఒకటే సౌండ్ ఇస్తుంది, చూసి కొనుక్కో. ఇంకోటి, సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగుల్లో బఫర్ అని ఉంటుంది చూడు, సౌండ్‌ని బయటికి వదిలే ముందు కాసేపు ఆపి ఉంచుకునే చోటు అది, 1024 ఉంటే 23 మిల్లీసెకన్లు, 256కి దించితే 6 లోపే. మరీ దించితే పాత ల్యాప్‌టాప్ చిటపటలాడుతుంది, అప్పుడు ఒక మెట్టు ఎక్కించు, వైఫై ఆపు.

ఇవన్నీ సర్దుకున్నాక ఒక పని చెయ్యి. ఒకే పాటని సాఫ్ట్‌వేర్‌లో పాటలు నడిపే రెండు డెక్కుల్లోనూ వెయ్యి, బీపీఎం అంకెలు కనపడకుండా స్క్రీన్ మీద కాగితం అంటించు, ఒకదాని టెంపో (వేగం) స్లైడర్‌ని చూడకుండా లాగేసి, చెవితోనే మళ్ళీ దారికి తెచ్చుకో. మొదట్లో వెనకపడుతోందో ముందుకెళ్తోందో కూడా తెలీదు, పిచ్చెక్కుతుంది, వారం పది రోజులకి తెలిసిపోద్ది. మా విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, అయిదింటితో అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆయన మొదటి ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కాలేజీ 1919 నుంచీ ఇక్కడే ఉంది, మనం రెండు పాటలు కలపలేమా ఏంటి.

రెండోది బొబ్బిలి నుంచి, పెళ్ళిళ్ళకి సౌండ్ సర్వీస్ నడిపే ఆయన. "సింక్ బటన్ నొక్కినా పాత పాటలు జారిపోతున్నాయి సార్, కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌కి తగిలించే డీజే మెషిన్) మార్చమంటారా?"

మార్చకండి గురూగారూ, డబ్బులు దండగ. రెండు పాటల వేగాన్ని దానంతటదే కలిపే ఆ సింక్ బటన్‌కి పాట వినపడదు. పాట మీద సాఫ్ట్‌వేర్ ముందే గీసి పెట్టుకున్న గళ్ళు ఉంటాయే, బీట్‌గ్రిడ్ అంటారు, వాటినే కలుపుతుంది. ఇప్పటి పాటలు కంప్యూటర్‌లో కొట్టినవి కాబట్టి మొదటి నుంచి చివరి దాకా గళ్ళు సరిపోతాయి. పాత పాటలు మనుషులు కూర్చుని వాయించినవి, చరణంలో కాస్త ఊపొస్తుంది, పల్లవికి మళ్ళీ తగ్గుతుంది, గళ్ళు ఎక్కడ సరిపోతాయి? రికార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఎనాలిసిస్ సెట్టింగ్‌లో నార్మల్ తీసేసి డైనమిక్ పెట్టి ఆ పాటల్ని మళ్ళీ ఎనలైజ్ చేయించండి, చాలావరకు దారికొస్తాయి.

మాస్ పాటల సంగతి వేరే. మన తీన్‌మార్ దెబ్బ ఎక్కువగా తిశ్ర నడకలో, అంటే మూడేసి లెక్కలో ఉంటుంది, సాఫ్ట్‌వేరేమో ప్రపంచంలో పాటలన్నీ నాలుగు దెబ్బల లెక్కే అనుకుంటుంది, అందుకే బీపీఎం ఒకసారి సగం, ఒకసారి ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. దాన్ని క్లబ్బుల్లో వాయించే నాలుగు దెబ్బల హౌస్ బీట్‌తో సింక్ చేస్తే అంకెలు కలుస్తాయి గానీ అడుగు కలవదు, ఆడేవాళ్ళు ఆగి మీ వైపు చూస్తారు. అక్కడ కలపాలని చూడకుండా పాట చివర ఎకో వదిలి, ఒక్క క్షణం ఖాళీ ఇచ్చి, డప్పు దెబ్బతో దింపెయ్యండి. జనం ఎగురుతారు. సింక్ వాడితే డీజే కాదు అనేవాళ్ళ మాట నేను పట్టించుకోను, అది పని చెయ్యని చోట చేతులెత్తేస్తేనే ఇబ్బంది.

ఈ మూడోది చదివి నాకు భలే సరదా వేసింది. రాసింది ఒక అమ్మ, మన విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఇల్లట. "బాబూ, మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం చూసుకుంటూనే డీజే నేర్చుకుంటానంటోంది, వైజాగ్ పబ్బుల్లో వాయిస్తుందట. వాళ్ళ నాన్న నాతో మాట్లాడ్డం మానేశారు. ఏ మెషిన్ కొనాలి, ఇక్కడ నేర్చుకున్నది అక్కడ పనికొస్తుందా?"

అమ్మా, మెషిన్ తేలికే. డీడీజే ఎఫ్‌ఎల్‌ఎక్స్4 అనే కంట్రోలర్ చాలు, రెండు చానెళ్ళది, రికార్డ్‌బాక్స్‌తోనూ, సెరాటో డీజే లైట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తోనూ నడుస్తుంది, సౌండ్ కార్డు లోపలే ఉంటుంది. కొత్తది పాతిక వేలు దాటుతుంది, అంత ఎందుకనుకుంటే 2018లో వచ్చిన డీడీజే 400 సెకండ్ హ్యాండ్‌లో చూడండి, ఫేడర్లు గరగరమనకుండా జారుతున్నాయో లేదో వేలితో నెమ్మదిగా జరిపి వినండి. దీని మీద నేర్చుకున్నది పబ్బులో పనికొస్తుంది, బటన్ల అమరిక అక్కడి సీడీజేలకి, అంటే పబ్బుల్లో ఉండే పెద్ద ప్లేయర్లకి దగ్గరగానే ఉంటుంది. తేడా ఏంటంటే పబ్బుకి చాలామంది ల్యాప్‌టాప్ మొయ్యరు, పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తారు. నా పరువు పోయింది సరిగ్గా అక్కడే.

కొన్నేళ్ళ కిందట వైజాగ్‌లో ఒక పబ్బులో మొదటి స్లాట్ ఇచ్చారు, ఎనిమిదింటికి. మధ్యాహ్నమే బస్సెక్కేసి, దారంతా హెడ్‌ఫోన్‌లో అవే పాటలు వింటూ వెళ్ళాను. పెన్‌డ్రైవ్ పెట్టాను, లైటు వెలిగింది, స్క్రీన్ మీద ఒక్క పాటా లేదు. తీసి పెట్టాను, ఊది పెట్టాను, రెండో ప్లేయర్‌లో పెట్టాను. 64 జీబీ డ్రైవ్‌ని ఇంట్లో విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ కొట్టేశాను, సీడీజే దాన్ని చదవదు. చివరికి అక్కడి రెసిడెంట్ డీజే నవ్వుకుంటూ తన డ్రైవ్ ఇచ్చాడు, ముక్కూమొహం తెలీని పాటలతో నలభై నిమిషాలు చెమటలు కక్కాను. అందుకని అమ్మాయికి చెప్పండి, 32 జీబీవి రెండు కొనాలి, రెండూ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చెయ్యాలి, ఒకటి పోతే ఇంకోటి. పాటలు ఊరికే కాపీ కొడితే వినపడతాయి గానీ తను పెట్టుకున్న క్యూ పాయింట్లు (పాటలో ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో పెట్టుకున్న గుర్తులు) రావు, రికార్డ్‌బాక్స్ నుంచే ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి, అది ఫ్రీయే. ఫైళ్ళు 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే ఏ ప్లేయరైనా తీసుకుంటుంది.

ఇక చోటు దొరకడం. మన విజయనగరంలో, శ్రీకాకుళంలో క్లబ్ అంటే పేకాట క్లబ్బనే అనుకుంటారు, కాబట్టి అరవై కిలోమీటర్లు వెళ్ళాల్సిందే. ముందు వెళ్ళి వినమనండి, శనివారం వద్దు, గురువారమో బుధవారమో, జనం తక్కువుంటారు, డీజే మాట్లాడతాడు. మన రాష్ట్రంలో మందు తాగడానికి వయసు 21, అంతకన్నా తక్కువుంటే గేటు దగ్గరే ఆపేస్తారు. ముప్పై నిమిషాల మిక్స్ ఒకటి రికార్డ్ చేసి పెట్టుకుంటే ఎవరైనా అడిగితే పంపొచ్చు. మొదట ఇచ్చేది ఖాళీ ఫ్లోరే, తొమ్మిది లోపు. అప్పుడు 110, 115 బీపీఎం దగ్గర తిరుగుతూ ఉండాలి, హిట్లన్నీ అప్పుడే కొట్టేస్తే తర్వాత వచ్చే డీజేకి ఏం మిగలదు, మళ్ళీ పిలవరు. డబ్బులెంత, రాత్రి ఎక్కడ దిగాలి, ఎవరు దింపుతారు, ఇవి ఒప్పుకునే ముందే తేల్చుకోవాలి, తర్వాత అడిగితే ఎవరూ ఫోన్ ఎత్తరు. అయ్యగారితో మాట్లాడించే సాఫ్ట్‌వేర్ మాత్రం నా దగ్గర లేదమ్మా, ఇంట్లో మొదటి సెట్ ఆయనకిష్టమైన పాత పాటలతో వాయించమనండి, చూద్దాం.

టెక్కలి తమ్ముడికి, ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే బాక్సుల్లో గుయ్‌మంటోంది అన్నావు. చార్జర్ పీకి చూడు, ఆగిపోతే అది ఎర్త్ గొడవ. ల్యాప్‌టాప్, మిక్సర్, యాంప్ మూడూ ఒకే బోర్డుకి తగిలించు, అప్పటికీ ఆగకపోతే ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్యలో డీఐ బాక్స్ (ఆ గుయ్‌ని అడ్డుకునే చిన్న డబ్బా) పెట్టు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని ఎవడో సలహా ఇస్తాడు, వినకు, షాక్ కొడుతుంది.

పాలకొండ నుంచి, రాత్రి పదయ్యాక డీజే ఆపమంటున్నారు, యాప్‌లో పర్మిషన్ ఏదైనా ఉంటుందా అని. లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకులు బంద్. పండగలకి ఏడాదిలో 15 రోజులకి మించకుండా ప్రభుత్వం 12 దాకా సడలించొచ్చు, మీ బావగారి పెళ్ళి అందులోకి రాదు.

చివర్లో ఎవరో పేరు రాయకుండా అడిగారు, "నా దగ్గర నలభై వేల పాటలున్నాయి, డీజేకి సరిపోతాయా?" రెండొందలు ఉంచు, మిగతావి వేరే డిస్క్‌లో దాచెయ్. ఆ రెండొందల్లో ఏ పాటకి ఎక్కడ దరువు మొదలవుతుందో నోటికొచ్చాక మళ్ళీ రాయి.