మెరీనా బే చుట్టూ నడవబోయే చెల్లెలికి

తిరుపతి

అమ్మణ్ణీ,

నిన్న ఫోనులో నువ్వు అన్న మాట రాత్రంతా నా మనసులో మెదులుతూనే ఉంది. "సింగపూరులో అన్ని రోజులు ఏం చేయాలక్కా, పాప, అల్లుడు ఆఫీసులకు పోతే మాకు నాలుగు గోడలే కదా" అన్నావు. కొడుకు దగ్గరికి పోయి వచ్చేదాన్ని కాబట్టి ఆ దిగులు నాకు బాగా తెలుసు. అందుకే అక్కడి సంగతులన్నీ కాకుండా ఒక్కదాని గురించే వివరంగా రాస్తున్నాను. మెరీనా బే అని ఊరి నడుమ పెద్ద నీటి ఒడ్డు ఉంది. దాని చుట్టూ నడిచే దారి వేశారు. టికెట్టు లేదు, ఎవరినీ అడగాల్సిన పని లేదు. నువ్వూ మరిది గారూ ఇద్దరే పోయి రావచ్చు.

పిల్లల శనాదివారాల కోసం మాత్రం కాచుకుని కూర్చోవద్దు. వాళ్ళకు ఆ రెండు రోజుల్లోనే ఇంటి పనులన్నీ ఉంటాయి, పైగా బే దగ్గర జనం కూడా అప్పుడే ఎక్కువ. మొదటిసారి పాపను తోడు తీసుకుపోయి కార్డు ఎక్కడ తాకించాలో, రైలు ఎక్కడ మారాలో చూసి నేర్చుకో. రెండోసారి నుంచి ఏ మంగళవారమో బుధవారమో మీరే బయలుదేరండి. బోర్డుల మీద తమిళం కూడా ఉంటుంది, అది అక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి. చిత్తూరులో పుట్టి పెరిగిన నీకు అరవం రాకపోవడమేమిటి! దారి తెలియకపోతే ధైర్యంగా అడుగు.

చుట్టు మొత్తం సుమారు 3.5 కిలోమీటర్లు. దారంతా చదును. అలిపిరి మెట్లెక్కినదానివి, అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసినదానివి, ఇది నీకు లెక్కలోది కాదు. కానీ అక్కడ మొక్కు ఉంటుంది, మధ్యలో ఆపితే మనసు ఒప్పదు. ఇక్కడ ఆ పట్టుదల వద్దు. కాలు నొచ్చిందంటే ఆగిపో. బే చుట్టుపక్కల రైలు స్టేషన్లు చాలా ఉన్నాయి, ఎక్కడ ఆగినా దగ్గరలో ఒకటి దొరుకుతుంది. నన్నడిగితే మొదటి రోజు సగం చుట్టే నడవండి, మిగతా సగం ఇంకో పూట చూసుకోవచ్చు.

ఆ మొదటి సగం సాయంత్రం పెట్టుకోండి. సింగపూరు భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా పొద్దు ఏడు గంటల ప్రాంతంలోనే పుట్టి, ఏడు గంటల ప్రాంతంలోనే గూకుతుంది. ఆరింటికి రాఫెల్స్ ప్లేస్ స్టేషన్‌లో దిగి మెర్లయన్ బొమ్మ దగ్గరికి నడవండి. సింహం తల, చేప ఒళ్ళు ఉండి నోట్లోంచి నీళ్ళు చిమ్మే బొమ్మ అది. అక్కడి నుంచి నీళ్ళు కుడిచేతి వైపు ఉండేలా, మన ప్రదక్షిణ తీరునే కదలండి. ఇలా పోతే చీకటి పడే వేళకు తూర్పు ఒడ్డుకు చేరతారు. పొద్దు గూకేది ఎదుటి ఒడ్డున ఉన్న ఆఫీసు మేడల వెనక. అప్పటికి కూర్చోవడానికి మంచి చోట ఉంటారు.

మెర్లయన్ 8.6 మీటర్ల ఎత్తు. 1972లో పెట్టినప్పుడు అది ఇంకోచోట ఉండేది. తర్వాత ఎదురుగా వంతెన వచ్చి బొమ్మ కనిపించకుండా పోతే, 2002లో ఇప్పుడున్న చోటికి జరిపారు. ఫోటోల కోసం అక్కడ తోపులాటగా ఉంటుంది. ఒకటి తీసుకుని ముందుకు సాగండి, అసలు నడక అక్కడి నుంచే.

పక్కనే జూబిలీ బ్రిడ్జి ఉంది. నాకు ఈ దారిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఇది కాలినడక వాళ్ళకు మాత్రమే కట్టిన వంతెన, 220 మీటర్లు, మెట్లు లేవు. వయసైనవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు ఇబ్బంది పడకుండా ఇటు నుంచి అటు పోవాలని ఈ వంతెన ఆలోచన చెప్పింది ఆ దేశపు మొదటి ప్రధాని లీ క్వాన్ యూ. ఆయన 2015 మార్చిలో పోయారు. అంత్యక్రియలకు వచ్చే జనం కోసమని ఆ రోజే, అంటే మార్చి 29న, దీన్ని తెరిచారు. మోకాళ్ళు పట్టుకుని నడిచే మనలాంటి వాళ్ళ గురించి ఒక పెద్దాయన ఆలోచించి పెట్టిన దారి అది. రెయిలింగ్ పట్టుకుని నిదానంగా, రెండు పక్కలా చూస్తూ దాటు.

వంతెన దాటగానే ఎస్ప్లనేడ్ కళామందిరం. పైకప్పు పనసకాయ తొక్కలా ముళ్ళుముళ్ళుగా ఉంటుంది. అక్కడివాళ్ళు దాన్ని డూరియన్ అంటారు, అది పనస లాంటి వాళ్ళ పండు. లోపల శుభ్రమైన బాత్రూములు ఉన్నాయి, అవసరం ఉన్నా లేకపోయినా ఒకసారి పోయి రండి. తర్వాత చాలాసేపు ఒడ్డు వెంబడే నడక. ఆ వైపు ఎక్కడైనా కట్టడం పనులు జరుగుతుంటే దారి మళ్ళిస్తారు, బాణం గుర్తులు చూసుకుంటే చాలు.

ఆ తర్వాత హీలిక్స్ బ్రిడ్జి వస్తుంది. 2010లో తెరిచారు, 280 మీటర్లు. మన ఒంట్లోని డీఎన్ఏ మెలికల ఆకారంలో ఉక్కు గొట్టాలతో అల్లారు. చీకటి పడ్డాక నేల మీద అక్కడక్కడ కొన్ని ఇంగ్లీషు అక్షరాలు వెలుగుతాయి. అవి డీఎన్ఏలో ఉండే నాలుగు పదార్థాల మొదటి అక్షరాలు. మరిది గారు సైన్సు మాస్టారు కదా, నీకంటే ముందు ఆయనే అక్కడ నిలబడిపోతారు, తొందరపెట్టకు. వంతెన పక్కకు చొచ్చుకుని గుండ్రటి అరుగులు ఉన్నాయి. బే మొత్తం ఒకేసారి కళ్ళకు కనిపించేది అక్కడి నుంచే. గాలి బాగా వీస్తుంది, పైట పిన్ను గట్టిగా పెట్టుకో.

వంతెన దిగితే తామరపువ్వు ఆకారంలో మ్యూజియం, దాన్ని దాటితే మూడు మేడల మీద పడవ పెట్టినట్టున్న మెరీనా బే శాండ్స్ హోటలు. దాని ముందర నీళ్ళ వైపు విశాలమైన చెక్క మెట్లు ఉన్నాయి. అక్కడ కూర్చోండి. రోజూ రాత్రి 8కి, మళ్ళీ 9కి నీళ్ళ మీద దీపాలు, సంగీతంతో పావుగంట ప్రదర్శన ఉంటుంది, డబ్బు కట్టాల్సిన పని లేదు. వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, పాపను ఫోనులో చూసి చెప్పమను. మరిది గారికి షుగరు కాబట్టి ఎనిమిదింటి దాకా ఖాళీ కడుపుతో ఉంచకు. ఇంట్లోనే ఐదింటికి ఏదైనా తినిపించి బయలుదేరు, సంచిలో బిస్కట్లు పెట్టుకో. ప్రదర్శన అయ్యాక హోటలు వెనకే బేఫ్రంట్ స్టేషన్. అక్కడ రైలెక్కితే ఆ రోజుకు చాలు.

ఆ నీళ్ళ సంగతి కూడా తెలుసుకుని పో. చూడగానే సముద్రం అనుకుంటావు, ఒకప్పుడు సముద్రమే. చుట్టూ పూడ్చి నేల చేసుకుంటూ పోతే మధ్యలో మిగిలిన నీరు ఇది. 2008లో, సముద్రంలో కలిసే చోట మెరీనా బ్యారేజ్ కట్టారు. 350 మీటర్ల ఆనకట్ట, తొమ్మిది గేట్లు. ఉప్పునీళ్ళు లోపలికి రాకుండా ఆపేసి, వాననీళ్ళను చేరనిచ్చారు. చేరగా చేరగా రెండేళ్ళకు ఉప్పు పోయి మంచినీళ్ళ రిజర్వాయరు అయింది. ఆ దేశం నేలలో దాదాపు ఆరో వంతు మీద పడే వాన ఇక్కడికే వస్తుంది. పెద్ద వాన పడితే, సముద్రం పాటు మీద ఉన్నప్పుడు గేట్లు తెరిచి వదిలేస్తారు. పోటు మీద ఉంటే పెద్ద పంపులతో నీళ్ళు సముద్రంలోకి తోడేస్తారు. కల్యాణి డ్యాం అడుగంటితే తెలుగుగంగ నీళ్ళ కోసం, ట్యాంకర్ల కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళం మనం. నగరం నడిబొడ్డున, అన్ని మేడల మధ్య, తాగే నీళ్ళను అంత శుభ్రంగా ఉంచుకున్నారంటే ఎంత గౌరవం ఉండాలో ఆలోచించు. నీళ్ళు కనిపిస్తే చిల్లర వేసి, పూలు వదిలి దండం పెట్టడం మనకు అలవాటు. అక్కడ దండం ఒక్కటే పెట్టుకో. కాగితం ముక్క కూడా కింద పడేయకు. పావురాలకు గింజలు వేసినా జరిమానానే. రైల్లో తినడం, తాగడం కుదరదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు. మరిది గారు మాత్ర వేసుకోవాలంటే స్టేషన్‌లోకి పోకముందే.

ఎండ విషయంలో మన తిరుపతి లెక్క వేయొద్దు. మనం 42 డిగ్రీలు చూసినవాళ్ళం, అక్కడ 32 అంటే చల్లగా ఉంటుందనిపిస్తుంది. కానీ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పావుగంటలోనే నీరసం వస్తుంది. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. అక్కడ కొళాయి నీళ్ళు తాగొచ్చు, ఇంట్లోనే సీసా నింపుకుని పోతే సరిపోతుంది.

వాన చెప్పి రాదు, గొడుగు ఎప్పుడూ సంచిలో ఉండాలి. కానీ ఉరుము వినిపిస్తే గొడుగు పట్టుకుని ఒడ్డున నిలబడొద్దు, చెట్టు కిందకూ పోవద్దు. అక్కడ పిడుగులు ఎక్కువ. 2009లో ఆ మెర్లయన్ తలకే పిడుగు తగిలి పెచ్చు ఊడింది. ఏ షాపులోకో పోయి వాన వెలిసేదాకా కూర్చోండి, ఎవరూ పొమ్మనరు. వాన తర్వాత చెక్క దారి జారుతుంది. చెప్పులు వద్దు, పట్టు ఉండే బూట్లు ఇక్కడే కొనుక్కుని, కాలేజీ గ్రౌండులో వేసుకుని తిరిగి అలవాటు చేసుకోండి. కొత్త బూట్లతో అక్కడ నడిస్తే మొదటి రోజే బొబ్బలు వస్తాయి, మిగతా రోజులన్నీ ఇంట్లోనే.

మనలాగే వాళ్ళూ ఎడమ పక్కన నడుస్తారు. ఆఫీసులు వదిలాక పరిగెత్తేవాళ్ళు చాలామంది వస్తారు, కాబట్టి ఇద్దరూ పక్కపక్కన దారి నిండా నడవొద్దు.

రెండో సగం ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టండి. బేఫ్రంట్‌లో దిగి, హోటలు ముందు నుంచి అదే ప్రదక్షిణ తీరున మెర్లయన్ దాకా. ఆ వైపు సందడి తక్కువ. దారిలో క్లిఫర్డ్ పియర్ అని పాత రేవు కట్టడం ఉంది, 1933 నాటిది. ఓడల్లో వచ్చిన జనం దిగిన రేవు అది. బ్యారేజ్ పనుల వల్ల 2006లో పడవలు ఆగిపోయాయి. పక్కనే 1928లో కట్టిన ఫుల్లర్టన్ భవనం, ఒకప్పటి పెద్ద తపాలా ఆఫీసు, ఇప్పుడు హోటలు. ఎండ ముదిరేలోపు ఇంటికి చేరిపోండి.

పాప ఇంటి అడ్రసు, ఫోను నంబరు ఇంగ్లీషులో రెండు చీటీల మీద రాయించి, ఒకటి నీ పర్సులో, ఒకటి మరిది గారి జేబులో పెట్టు. ఇద్దరిదీ ఒకే ఫోను మీద నడిపించకండి, చెరో సిమ్ తీసుకోండి. మందుల చీటీ కూడా ఇంగ్లీషులో ఉండాలి. నా మోకాలి పట్టీ ఒకటి కొత్తది అలాగే ఉంది. ఆదివారం పెద్దోడు చిత్తూరు వస్తున్నాడు, వాడితో పంపిస్తాను. సైజు సరిపోకపోతే వెంటనే చెప్పు, వాడు తిరిగి వచ్చేలోపు మార్పిస్తాను.

మరిది గారికి నమస్కారాలు, పాపకు, అల్లుడికి నా ఆశీస్సులు.

మీ అక్క