కప్పు గెలిచారు, అమ్మాయి బెంచీ మీద ఉంది

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాము. మా అమ్మాయి పదో తరగతి, సాకర్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ వైపు రక్షణ స్థానంలో, ఆడుతుంది. గత నెల వేరే రాష్ట్రంలో జరిగిన టోర్నమెంట్‌కు విమానం, హోటలు ఖర్చులు పెట్టుకుని వెళ్లాము. తను ముందుగా 12 మంది కళాశాల కోచ్‌లకు మెయిళ్లు రాసింది. ఇద్దరు నిజంగానే వచ్చారు. ఆ మ్యాచ్‌లో తనకు పది నిమిషాలే ఆట దక్కింది. జట్టు మాత్రం కప్పు గెలిచింది. కారులో తను ఏడుస్తుంటే మాకు పతకం చూసి సంతోషించాలో లేదో తెలియలేదు. గెలిచే జట్టులో ఉంటే కళాశాలలే వెతుక్కుంటూ వస్తాయని క్లబ్ కోచ్ అంటున్నారు. ఇంకా పెద్ద పేరున్న క్లబ్‌కు మార్చమంటారా? స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: మీ కోచ్ మాటలో సగం నిజముంది. చిక్కంతా ఆ సగంతోనే. గెలిచే జట్టుకు మంచి లీగులో చోటు దొరుకుతుంది, గట్టి ప్రత్యర్థులు పడతారు. గట్టి ప్రత్యర్థులు తలపడే మైదానం చుట్టూనే కళాశాల కోచ్‌ల మడత కుర్చీలు ఎక్కువగా కనిపిస్తాయి. గెలుపు ఉపయోగం అంతవరకే. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి జట్టు కోసం రాలేదు. ఆయన చేతిలోని కాగితం మీద నాలుగైదు జెర్సీ నంబర్లు ఉంటాయి. ఒక్కో మైదానం దగ్గర పావుగంటో ఇరవై నిమిషాలో చూసి తర్వాతి మైదానానికి నడుస్తాడు. స్కోరు ఎంతో చాలాసార్లు పట్టించుకోడు కూడా. ఆ కాసేపట్లో మీ అమ్మాయి బెంచీ మీద ఉంటే ఆమె నంబరు పక్కన ఏమీ రాసుకోలేడు. మెయిలు రాసి రప్పించి ఇలా కూర్చోబెట్టడమంటే, పెళ్లిచూపులకు పిలిచి ఆ పూట పిల్లను ఊరికి పంపించినట్టే.

అలాగని క్లబ్ కోచ్ మీద కోపం పెంచుకోకండి. అతనూ ఒక ఉద్యోగే. కప్పుతో దిగిన ఫొటో వెబ్‌సైటులో పడితే వచ్చే ఏడాది ఎంపికలకు పిల్లలు బారులు తీరుతారు. కళాశాలల్లో చేరిన పిల్లల జాబితా కూడా అదే వెబ్‌సైటులో పెడతారు. క్లబ్‌లు ఈ రెండు సరుకులనూ ఒకే ధరకు అమ్ముతాయి. ఏ వారాంతంలో ఏది ఇస్తున్నారో మనం అడగము, వాళ్లు చెప్పరు.

మీరు అడగాల్సింది అదే. అమ్మాయిల ఈసీఎన్ఎల్ (ఎలైట్ క్లబ్స్ నేషనల్ లీగ్) వంటి లీగులు నడిపే జాతీయ షోకేస్‌లలో, అంటే కళాశాల కోచ్‌లకు ఆట చూపించడానికే పెట్టే పోటీల్లో, సాధారణంగా ఒక్కో జట్టు మూడు మ్యాచ్‌లు ఆడుతుంది. ఫైనలూ ఉండదు, కప్పూ ఉండదు. అక్కడ కోచ్ అందరినీ ఆడించడానికి వీలుంటుంది. గ్రూపు మ్యాచ్‌లు, సెమీఫైనల్, ఫైనల్ ఉన్న టోర్నమెంట్‌లో పద్ధతి వేరు. గోల్స్ తేడా కూడా లెక్కకు వస్తుంది కనుక మొదటి పదకొండు మందిని కదిలించడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆదివారం మధ్యాహ్నం ఫైనల్ ఆడే సమయానికి కళాశాల కోచ్‌లలో చాలామంది విమానాశ్రయం దారిలో ఉంటారు. అందుకే డబ్బు కట్టే ముందు మూడు సంగతులు తెలుసుకోండి. కప్పు ఉందా? వచ్చే కళాశాలల జాబితా ముందుగా ఇస్తారా? బయటికి వచ్చిన క్రీడాకారిణి అదే అర్ధభాగంలో మళ్లీ దిగవచ్చా? ఈ మూడో నియమం టోర్నమెంట్‌ను బట్టి మారుతుంది. మళ్లీ దిగే వీలు లేని చోట బెంచీ మీదివాళ్లకు దక్కే నిమిషాలు ఇంకా తగ్గిపోతాయి.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం డివిజన్ 1 (అన్నిటికన్నా పై శ్రేణి) సాకర్ కోచ్‌లు పదో తరగతి ముగిశాక వచ్చే జూన్ 15 నుంచే మీ అమ్మాయికి ఫోను చేయగలరు, మెయిళ్లకు నేరుగా జవాబివ్వగలరు. ఆగస్టు 1 నుంచి క్యాంపస్‌కు పిలవవచ్చు. ఈలోగా వాళ్లు మౌనంగా చూసి రాసుకుంటారు. కాబట్టి జవాబు రాలేదని దిగులు వద్దు. కానీ ఇప్పటి నుంచి జూన్ వరకు ఆమె ఆడే ప్రతి నిమిషం విలువైనది. అందువల్లనే క్లబ్ మార్పు వద్దంటున్నాను. పెద్ద క్లబ్‌లో మొదటి పదకొండులో చోటు ఖాయమని అక్కడి కోచ్ సూటిగా చెబితే వేరే మాట. లేకపోతే చిన్న బెంచీ వదిలి పెద్ద బెంచీ ఎక్కినట్టవుతుంది. అదే స్థాయి లీగులో, కాస్త తక్కువ కప్పులున్నా, లెఫ్ట్ బ్యాక్‌గా మ్యాచ్‌లో 60 నిమిషాలైనా ఆడించే జట్టు దొరికితే అది మేలు. మరీ దిగువ లీగుకు మాత్రం దిగవద్దు. అక్కడ 80 నిమిషాలూ ఆడవచ్చు, చూసేవాళ్లే ఉండరు.

స్కాలర్‌షిప్ సంగతి. క్రీడాకారులు వేసిన దావాలో ఎన్‌సీఏఏ చేసుకున్న, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో లెక్క మారింది. అంతకుముందు డివిజన్ 1లో మహిళా సాకర్ జట్టుకు 14 పూర్తి స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు ఒప్పందంలో చేరిన కళాశాలలకు ఆ పరిమితి లేదు, కానీ జట్టులో 28 మందికి మించి ఉండకూడదు. 28 మందికీ ఇవ్వవచ్చు అంటే ఇస్తారని కాదు. చాలా కళాశాలలకు ఆ డబ్బు లేదు. పైగా వేరే కళాశాలల నుంచి మారి వచ్చే, అక్కడ ఆడి రాటుదేలిన వాళ్లతో మీ పిల్ల పోటీ పడాలి. విమానం, హోటలు బిల్లులను స్కాలర్‌షిప్‌తో తిరిగి రాబట్టుకుందామనే లెక్క మాత్రం వేయకండి.

మన తెలుగు ఇళ్లలో డివిజన్ 3 అనగానే మొహం ముడుచుకుంటారు. మూడో రకం అనుకుంటారు కాబోలు. ఎంఐటీ, ఎమరీ, కార్నెగీ మెలన్, షికాగో విశ్వవిద్యాలయం సాకర్‌లో డివిజన్ 3 జట్లే. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్ ఉండదు. అయితే కోచ్‌లు ఎప్పుడైనా మాట్లాడవచ్చు, జూన్ 15 దాకా ఆగనక్కరలేదు. మార్కులు బాగున్న పిల్లను కోచ్ కోరుకుంటే ప్రవేశాల విభాగానికి ఒక మాట చెబుతాడు. ఆ మాటకు ఎంత బరువుంటుందన్నది కళాశాలను బట్టి మారుతుంది. మీ అమ్మాయి మార్కుల గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. మీ ఉత్తరంలో నాకు తోచిన లోటు అదే.

వచ్చే టోర్నమెంట్‌కు మెయిళ్లు తనే రాయాలి. నాన్న రాసిన మెయిలును కోచ్‌లు రెండో వాక్యంలోనే పట్టేస్తారు. హైస్కూలు ముగిసే సంవత్సరం, ఆడే స్థానం, జెర్సీ నంబరు, మ్యాచ్ సమయం, మైదానం సంఖ్య, మార్కులు, మూడు నాలుగు నిమిషాల వీడియో లింకు ఉంటే చాలు. కప్పు ఫొటో అక్కరలేదు. మెయిళ్లు పంపే ముందు తను క్లబ్ కోచ్ దగ్గరికి వెళ్లి, “శనివారం మ్యాచ్‌కు ఇద్దరు కోచ్‌లను పిలుస్తున్నాను, మొదటి అర్ధభాగంలో నన్ను ఆడిస్తారా, లేదంటే వాళ్లను ఏ మ్యాచ్‌కు రమ్మనాలి?” అని అడగాలి. ఏ జవాబు వచ్చినా తనకు పనికొస్తుంది. తను ఆ మాట అడుగుతున్నంతసేపూ మీరు కారులోనే కూర్చోండి.