తాతమ్మ సమాధి పలకకు యాసిడ్ పోయవచ్చా?

ప్రశ్న: మా తాతమ్మ సమాధి మీద 1931లో వేయించిన పాలరాతి పలక రెండు ముక్కలైంది. పాచితో నల్లబడింది, అక్షరాలు అరిగాయి. నవంబరు 2న సమాధుల పండుగలోపు యాసిడ్‌తో కడిగి, సిమెంటుతో అతికించి, అక్షరాలకు నల్లరంగు వేస్తానంటున్నాడు మేస్త్రి. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వద్దమ్మా. ఈరోజే ఫోన్ చేసి ఆ పని ఆపించండి. యాసిడ్ పడగానే బుసబుస పొంగేది మురికి కాదు, రాయే. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఒక పసిబిడ్డ సమాధి పలకను అలాగే కడిగాను. తెల్లగా మెరిసింది. ఆరాక చూస్తే పేరులో తలకట్లు లేవు. ముప్పై ఏళ్లయినా ఆ పలక నన్ను వదల్లేదు. చింతపండు, నిమ్మకాయ కూడా వద్దు. ఇత్తడి బిందెను తోమే పులుపే పాలరాతిని తినేస్తుంది.

ముందు పలక అంచును వేలితో మెల్లగా తాకి చూడండి. పంచదార పలుకుల్లా వేలికి అంటుకొస్తే నీళ్లు కూడా పోయకండి. ఎండ వేడికి పాలరాతిలోని పలుకులు ఒకవైపు సాగి, ఇంకోవైపు ముడుచుకుంటాయి. ఏళ్ల తరబడి అలా జరిగితే ఒకదానినొకటి పట్టుకున్న పట్టు వదిలేస్తాయి. ఆ దశలో రాతి సంరక్షణ తెలిసినవాళ్లే చేయి పెట్టాలి.

రాయి గట్టిగా ఉంటే మంచినీళ్లతో బాగా తడిపి, మెత్తటి బ్రష్‌తో కింది నుంచి పైకి కడగండి. పైనుంచి మొదలుపెడితే మురికినీళ్లు పొడిరాతి మీద చారలు కడతాయి. మొండి పాచిని వెదురుపుల్లతో తీయండి. ఉప్పగా ఉండే బోరునీళ్లు, ఇనుప బ్రష్ వద్దు.

సిమెంటు అరిగిన పాలరాయి కన్నా బిగువు, తడిని బయటికి పోనివ్వదు. తర్వాతి పగులు రాతిలోనే వస్తుంది. లోపల ఇనుప చువ్వ పెడితే మీ సముద్రపు గాలికి తుప్పుపట్టి, ఉబ్బి, పలకను చీలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ, నానబెట్టిన సున్నంలో పాలరాతి పొడి కలిపిన ముద్ద వాడేవాళ్లకే పని అప్పగించండి. ముక్కలను ఎత్తేటప్పుడు కిటికీ అద్దంలా నిలువుగా పట్టుకోవాలి. పళ్లెంలా పడుకోబెట్టి మోస్తే మధ్యకు విరుగుతాయి.

రంగు మాట మరిచిపోండి. అది పెచ్చులూడేటప్పుడు రాతి పలుకులనూ లాక్కుపోతుంది. పండుగకు కొవ్వొత్తులను పలక మీద కాకుండా ఇసుక పోసిన మూకుడులో వెలిగించండి.

ముక్కలు కదపకముందే ఒక సాయంత్రం అద్దం పట్టుకెళ్లి, ఎండను పక్కనుంచి పలక మీదికి కొట్టించండి. అరిగిన అక్షరాలకు నీడ పడి పేరు లేచి కనబడుతుంది. అప్పుడే ఫోటో తీసి, ఒక్కో అక్షరం కాగితం మీదికి ఎక్కించండి.