వెలుతురు చాలని ఇంట్లో మందు మొక్కలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒడిశాలోని బరంపురం, రాయగడ, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం నుంచీ, మహారాష్ట్ర వైపు దెగ్లూరు, సిరొంచ నుంచీ ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం అడిగాయి. పెరడు లేదు, వాకిలి లేదు, ఇంటి లోపలే తులసి, నేలవేము, కలబంద, సరస్వతి ఆకు పెంచుకోవాలి, పురుగుమందులు కొట్టకుండా పెంచాలి. ఇది న్యాయమైన కోరిక. కూరగాయని కడిగి, తొక్క తీసి, ఉడికించి తింటాం. మందాకును చాలాసార్లు పచ్చిగానే నములుతాం. అందుకే దాని కుండీలో ఏం పడుతోందో మరింత శ్రద్ధగా చూసుకోవాలి.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు, ఉత్తరం బాల్కనీ. తులసి ఎన్నిసార్లు తెచ్చినా సన్నగా సాగిపోయి, ఆకులు రాలి చచ్చిపోతోంది. ఎరువు తక్కువైందేమోనని వేస్తే ఇంకా త్వరగా పోయింది. (బరంపురం)

జవాబు: తక్కువైంది ఎరువు కాదండీ, వెలుతురు. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగి, కాడ పాలిపోయి, కిటికీ వైపు వంగితే మొక్క వెలుగు కోసం వెతుక్కుంటోందన్నమాట. ఆ స్థితిలో ఎరువు వేస్తే వాడుకునే శక్తి దానికి ఉండదు. కుండీలో ఉప్పులు పేరుకుని వేరు కాలిపోతుంది.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు కుండీ పెట్టే చోట ఆకుల ఎత్తుకు ఒక తెల్ల కాగితం పట్టి, దానికి అడుగు పైన అరచెయ్యి పెట్టి చూడండి. నీడ అంచులు స్పష్టంగా కనిపిస్తే తులసి బతుకుతుంది. నీడ మసకగా ఉంటే సరస్వతి ఆకు, తమలపాకు, వాము ఆకు లాంటివి నెట్టుకొస్తాయి. నీడే కనపడకపోతే అక్కడ దీపం పెట్టాల్సిందే.

మొక్కల కోసమని అమ్మే ఊదా రంగు గ్రో లైట్లు కొననక్కర్లేదు. ఇంట్లో వాడే నాలుగడుగుల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు, 20 వాట్లవి రెండు తీసుకోండి. డబ్బా మీద 6500 కె (పగటి వెలుగు లాంటి తెలుపు) అని ఉండేవి మంచివి. రెండింటినీ నాలుగంగుళాల ఎడంలో పక్కపక్కన బిగించి, ఎత్తు మార్చుకునేలా గొలుసుతో వేలాడదీయండి. చిగురుకీ ట్యూబుకీ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉండాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ట్యూబును గోడ మీద ఆరడుగుల ఎత్తున బిగించి, వెలుగు బాగానే ఉంది కదా అనుకుంటారు. మన కంటికి చాలే వెలుగు మొక్కకు చాలదు, దూరం పెరిగేకొద్దీ అది వేగంగా తగ్గిపోతుంది. ఆ రెండు ట్యూబుల కింద ఎనిమిదంగుళాల కుండీలు ఐదు పడతాయి. వెనకాల తెల్ల థర్మోకోల్ అట్ట నిలబెడితే పక్కలకి పోయే వెలుగు తిరిగి ఆకుల మీద పడుతుంది.

రోజుకు 14 గంటలు వెలగాలి. ప్లగ్గులో పెట్టే టైమరు కొనుక్కుంటే మరిచిపోయే బాధ ఉండదు. 40 వాట్లు 14 గంటలు వెలిగితే రోజుకు 0.56 యూనిట్, నెలకు 17 యూనిట్లకు కాస్త లోపే. రాత్రంతా వెలిగించకండి, మొక్కకీ చీకటి కావాలి. కొత్త మొక్కను మొదటి వారం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి తర్వాత దగ్గర చేయండి.

ప్రశ్న: మా కొండల దగ్గర ఎర్రమట్టే దొరుకుతుంది. కుండీలో వేస్తే నెల తిరిగేసరికి ఇటుకలా గట్టిపడుతోంది. పేడ కలిపితే తెల్లటి లావు పురుగులు వచ్చాయి. (రాయగడ)

జవాబు: ఎర్రమట్టి చెడ్డది కాదు, ఒంటరిగా కుండీకి పనికిరాదు, అంతే. కొలత ఇలా పెట్టుకోండి: జల్లించిన ఎర్రమట్టి రెండు పాళ్లు, వానపాముల ఎరువు ఒక పాలు, నాగావళి ముతక ఇసుక అర పాలు, కడిగిన కొబ్బరి పొట్టు అర పాలు. పదంగుళాల కుండీకి 50 గ్రాముల వేపపిండి, అంటే ఒక గుప్పెడు, కలిపి, తడిపి, పది రోజులు నీడలో ఉంచాకే మొక్క నాటండి. వేపపిండి కలిపిన వెంటనే నాటితే అది కుళ్లేటప్పుడు పుట్టే వేడికి లేతవేరు దెబ్బతింటుంది.

కొబ్బరి పొట్టు ఇటుకలో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టండి. కనీసం మూడుసార్లు. గోపాలపురం వైపు నుంచి సముద్రపు ఇసుక తెచ్చి వాడేవాళ్లకూ ఇదే మాట. ఆ ఇసుక ఎన్నిసార్లు కడిగినా నమ్మవద్దు, ఏటి ఇసుకే వాడండి.

ఆ తెల్ల పురుగులు పచ్చిపేడతో వచ్చిన వేరుపురుగులు. పేడ కనీసం నాలుగైదు నెలలు మాగి, పొడిపొడిగా, వాసన లేకుండా ఉండాలి. అనుమానంగా ఉన్న మట్టిని మే నెలలో తడిపి, పలుచగా పరిచి, లోపలి మట్టి కనిపించే పారదర్శక పాలిథిన్ షీటు కప్పి, అంచులు మట్టితో మూసి నాలుగు వారాలు ఎండలో వదలండి. పురుగు గుడ్లూ, బూజు విత్తులూ, కలుపు గింజలూ చాలావరకు ఆ వేడికి పోతాయి. నల్ల షీటు కంటే లోపలికి ఎండ పోనిచ్చే షీటే బాగా పనిచేస్తుంది.

దెగ్లూరు నుంచి నల్లరేగడి గురించి అడిగినవారికి: మీరు మట్టిని ఒక పాలుకి తగ్గించి, ఇసుక ఒక పాలు, ఎరువు ఒక పాలు వేయండి. రేగడి తడిస్తే ఉబ్బి గాలిని మూసేస్తుంది, ఎండితే కుండీ అంచు వదిలి పగులుతుంది. అప్పుడు పోసిన నీరంతా పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది, వేరు ఎండిపోతుంది. అడుగున నీళ్లు కారాయి కదా అని మనం మాత్రం తృప్తి పడతాం.

ప్రశ్న: కుండీ అడుగున రెండంగుళాలు గులకరాళ్లు వేశాను. అయినా వానాకాలంలో కలబంద మొదలు కుళ్లి మెత్తబడింది. (పర్లాకిమిడి)

జవాబు: గులకరాళ్ల పొర నీటిని తీసేయదండీ. సన్నమట్టి పూర్తిగా నానితే తప్ప నీరు రాళ్లలోకి దిగదు. అంటే తడి నిలిచే మట్టం వేరుకు రెండంగుళాలు దగ్గరైంది. రాళ్లు తీసేయండి. కుండీకి పెన్సిలు పట్టేంత రంధ్రాలు నాలుగైదు ఉండాలి, వాటి మీద ఒక్కొక్క పెంకు ముక్క చాలు. కలబందకు సగం ముతక ఇసుక, పావు మట్టి, పావు ఎరువు. వేసవిలో పది రోజులకొకసారి నీళ్లు. వానల నెలల్లో మట్టి రెండంగుళాల లోతు వరకు ఎండితేనే, అదీ కొంచెం. కుళ్లిన మొక్కను పెరికి, మెత్తని భాగం కోసేసి, కోత ఆరేదాకా నాలుగైదు రోజులు నీడలో వదిలి, పొడి ఇసుకలో నాటి, వారం తర్వాత తడపండి. కొత్త వేరు వస్తుంది.

మిగతా మొక్కలకు రోజూ ఇన్ని నీళ్లని లెక్క పెట్టుకోవద్దు. వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి, పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయండి. ఇంటి లోపల చచ్చే మొక్కల్లో ఎక్కువ భాగం దాహంతో పోవు, నీళ్లు ఎక్కువై పోతాయి. మట్టి మీద చిన్న నల్ల దోమలు ఎగురుతున్నాయంటే అదే గుర్తు. పై మట్టి ఎండనిచ్చి, అర అంగుళం పొడి ఇసుక పరిచి, ఒక పసుపు జిగురు అట్ట పెట్టండి. మూడు వారాల్లో తగ్గుతాయి.

ప్రశ్న: తులసి ఆకుల మీద తెల్లచుక్కలు, తర్వాత ముడతలు, వెనకవైపు నల్లని చుక్కలు. కొమ్మల మొదట్లో తెల్లటి దూది. (గుణుపురం)

జవాబు: రెండు తెగుళ్లు కలిసి ఉన్నాయి. చుక్కలూ ముడతలూ తెచ్చేది ఆకు వెనక రసం పీల్చే చిన్న నల్లి, నల్లచుక్కలు దాని రెట్ట. దూదిలా ఉన్నది పిండినల్లి. ముందు బాగా ముడుచుకున్న కొమ్మలు కత్తిరించి ఇంటి బయట పారేయండి. దూదిని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. తర్వాత లీటరు గోరువెచ్చని నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి చిక్కని కుంకుడు రసం రెండు చెంచాలు వేసి బాగా గిలక్కొట్టి, సాయంత్రం దీపం ఆపాక ఆకుల వెనక తడిసేలా చల్లండి. వారానికొకసారి, మూడు వారాలు. ఒక్కసారితో ఆపేస్తే గుడ్లలోంచి వచ్చినవి మళ్లీ పట్టేస్తాయి. కొలత పెంచితే ఆకు మాడుతుంది. చివరిసారి చల్లాక పది రోజులు ఆకు కోయకండి, ఆ తర్వాత కోసినా కడిగి వాడండి. కుండీ మీద చీమల బారు ఉంటే దాన్ని ముందు ఆపాలి, పిండినల్లిని ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోసేవి అవే.

ప్రశ్న: జీవామృతం ఇంట్లో పెంచే కుండీలకు వాడొచ్చా? కొలత చెప్పండి. (సిరొంచ)

జవాబు: వాడొచ్చు. పది లీటర్ల నీటికి ఆవుపేడ అరకిలో, మూత్రం అరలీటరు, బెల్లం 100 గ్రాములు, శనగపిండి 100 గ్రాములు, చెట్టు కింది మట్టి ఒక గుప్పెడు. నీడలో 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలపాలి. వారంలోపు వాడెయ్యాలి. వాడేటప్పుడు ఒక పాలుకి పది పాళ్ల నీళ్లు. పదిహేను రోజులకొకసారి కుండీకి ఒక గ్లాసు. దీన్ని ఆకుల మీద చల్లకండి, మనం పచ్చిగా తినే ఆకు మీద పేడనీళ్లు పడకూడదు. గదిలో వాసన భరించలేమంటే వానపాముల ఎరువు రెండు గుప్పెళ్లు ఐదు లీటర్లలో ఒక రాత్రి నానబెట్టి వడకట్టి పోయండి.

ప్రశ్న: నేలవేము గింజలు మూడుసార్లు చల్లాను, ఒక్కటీ మొలవలేదు. (రాయగడ)

జవాబు: కొత్త గింజ అయివుంటుంది. కోసిన ఐదారు నెలల దాకా దానికి నిద్రావస్థ ఉంటుంది. పాత గింజను 50 డిగ్రీల వేడినీటిలో ఐదు నిమిషాలు ఉంచి, చల్లార్చి, ఇసుకతో కలిపి పైపైన చల్లండి. లోతుగా పూడిస్తే రాదు. మే, జూన్‌లలో మొలక బాగుంటుంది. మూడు, నాలుగు నెలలకు సగం మొక్కలు పూతకొచ్చినప్పుడు కోస్తే చేదు నిండుగా ఉంటుంది. నర్సరీలో ఒడియాలో భూయినింబ అని అడగండి.

ప్రశ్న: అమ్మకు కేన్సరు నొప్పి. గంజాయి మందుగా పనిచేస్తుందని విన్నాం. ఒక్క మొక్క ఇంటి లోపల పెంచుకోవచ్చా? (జయపురం)

జవాబు: వద్దండీ. మత్తుమందుల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడం నేరం. పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఒక్క మొక్కే కదా, మందు కోసమే కదా అంటే మినహాయింపు లేదు. అమ్మకు మీరు పక్కన ఉండాల్సిన సమయంలో కేసులో చిక్కుకోకండి. పైగా ఇంట్లో పెరిగిన మొక్కలో ఏ కొమ్మకు ఎంత బలం ఉందో కొలిచే దారి లేదు. మోతాదు తెలియని మందు నీరసించిన మనిషికి ప్రమాదం.

నొప్పికి చట్టబద్ధమైన దారులున్నాయి. తీవ్రమైన కేన్సరు నొప్పికి వైద్యులిచ్చే మార్ఫిన్ మాత్రలు అలాంటివి. అవి రోగులకు సులభంగా అందాలనే 2014లో అదే చట్టాన్ని సవరించారు. మీ డాక్టరును పాలియేటివ్ కేర్ (నొప్పీ బాధా తగ్గించే వైద్యం) అని పేరుపెట్టి అడగండి. కటక్‌లో ఆచార్య హరిహర్ కేన్సర్ సంస్థ ఉంది, విశాఖ అగనంపూడిలో ముంబయి టాటా మెమోరియల్ కేన్సర్ కేంద్రం కింద నడిచే హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఆయుర్వేదంలో విజయ పేరుతో గంజాయి మొక్కతో చేసిన మందులు ఉన్నాయి. వైద్యుల పర్యవేక్షణలోనే వాడాల్సిన మందుల పట్టికలో అవి ఉన్నాయి కాబట్టి అర్హుడైన వైద్యుడు రాసిస్తేనే, కేన్సరు డాక్టరుకు చెప్పిన తర్వాతే తీసుకోండి.

ప్రశ్న: తిప్పతీగ అని పక్కింటివాళ్లు ఇచ్చిన తీగ కాడంతా బుడిపెలు. అదేనా? (పర్లాకిమిడి)

జవాబు: బుడిపెలు దట్టంగా ఉంటే అది దాని దగ్గరి చుట్టం, వేరే తీగ. వాడకండి. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. దానికి ఈ పోలిక గల తీగ కారణం కావచ్చని ఆయుష్ శాఖ చెప్పింది. గుర్తు తెలిసినవారికి చూపించాకే, కాలేయ జబ్బు లేదని తేలాకే వాడే ఆలోచన చేయండి. నాటడానికి పెన్సిలు లావు కాడ, రెండు కణుపులున్న జానెడు ముక్క చాలు. ఒడియాలో గుళుచి, మరాఠీలో గుళవేల్.

ప్రశ్న: ఎండబెట్టిన తులసి ఆకు నల్లబడి, డబ్బాలో బూజు పడుతోంది. (బరంపురం)

జవాబు: తడి ఆకు కోసి ఉంటారు, లేదా కుప్పగా పోసి ఉంటారు. పొద్దున మంచు ఆరాక, పూతకంకులు విచ్చుకోకముందే కోయండి. కంకులను ఎప్పటికప్పుడు గిల్లేస్తూ ఉంటే ఆకు ఎక్కువగా వస్తుంది. గుడ్డ మీద ఒకే పొరగా పరిచి, నీడలో, పంకా గాలికి నాలుగు నుంచి ఆరు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే వాసననిచ్చే నూనె ఎగిరిపోతుంది. నలిపితే పెళుసుగా విరిగి పొడి అయినప్పుడే గాజుసీసాలో పోయండి. మీ ఊరి ఉప్పుగాలికి ప్లాస్టిక్ డబ్బా సరిపోదు. మూత పెట్టిన మర్నాడు సీసా లోపలి గోడ మీద చెమ్మ కనిపిస్తే వెంటనే తీసి మరో రెండు రోజులు ఆరబెట్టండి.