బఫర్ మూడున్నర వోల్టుల దగ్గర ఆగిపోతే

చి. లావణ్యకు,
పెదనాన్న ఆశీస్సులు.

ట్యాంకు నిండినా ఆర్డ్యునోలో నీటిమట్టం రీడింగు 720 దాటడం లేదని, సెన్సర్‌కీ ఆర్డ్యునోకీ మధ్య బఫర్‌గా (సిగ్నల్‌ని పెంచకుండా, తగ్గించకుండా అలాగే అందించే సర్క్యూట్‌గా) పెట్టిన ఎల్ఎం358 ఆప్‌యాంప్ ఐసీ డూప్లికేటేమోనని రాశావు. షాపువాణ్ణి ఏమీ అనకు. 5 వోల్టులకు 1023 అయితే 720 అంటే మూడున్నర వోల్టులు. 5 వోల్టుల సప్లై మీద ఎల్ఎం358 ఆగేది అక్కడే.

డేటాషీటులో (ఐసీ తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) 'ఇన్‌పుట్ కామన్ మోడ్ వోల్టేజ్ రేంజ్' అనే వరుస చూడు. ఇన్‌పుట్ పిన్నులు ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా ఉంటే ఐసీ సరిగా పనిచేస్తుందో చెప్పేది అదే. కింద సున్నా దాకా, పైన సప్లైకి 1.5 వోల్టులు తక్కువ దాకా అని ఉంటుంది. పక్కనున్న ఉష్ణోగ్రత గడిని వదిలేయకు. ఆ 1.5 అనేది 25 డిగ్రీల మాట, మొత్తం ఉష్ణోగ్రత పరిధికి 2 వదలాలి. డాబా మీద ఎండలో ఉండే డబ్బాకి 3 వోల్టులే లెక్కేసుకో.

లోపల ఇన్‌పుట్ దగ్గర పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు రెండు వరసగా ఉంటాయి. ఒక్కోటి 0.6 వోల్టు తింటుంది. వాటి పైనున్న కరెంట్ సోర్సుకు (నిలకడగా కరెంటు ఇచ్చే భాగానికి) ఇంకో 0.2 అయినా కావాలి. ఆ జాగా ఇవ్వకపోతే ఐసీ కాలిపోదు, వేడీ ఎక్కదు, ఊరికే తప్పు చెబుతుంది. అందుకే పట్టుకోవడం కష్టం.

ఇన్వర్టింగ్ సర్క్యూట్‌లో (సిగ్నల్ మైనస్ పిన్ను వైపు వెళ్ళేదాంట్లో) ప్లస్ పిన్ను ఒకచోట కట్టేసి ఉంటుంది కాబట్టి ఈ బాధ రాదు. బఫర్‌లో సిగ్నల్ ఎంత ఊగితే రెండు ఇన్‌పుట్లూ అంత ఊగుతాయి. గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు అవుతుందో ఆ లెక్క) 1 మాత్రమే కదా అని పుస్తకాల్లో రెండు లైన్లలో తేల్చేస్తారు గానీ, ఇన్‌పుట్ పరిధి మొత్తం కావాలని అడిగేది ఇదే.

'రైల్ టు రైల్' (సున్నా నుంచి సప్లై వోల్టేజీ దాకా) అని రాసుంది కదా అని కొనేయకు. టీఎల్‌సీ2272 ఆప్‌యాంప్‌లో ఆ మాట అవుట్‌పుట్‌కే. ఇన్‌పుట్ 5 వోల్టుల మీద 4 దాకానే హామీ. రెండు వైపులా ఉన్నది ఎంసీపీ6002. పిన్నులు ఎల్ఎం358వే, అదే సాకెట్‌లో కూర్చుంటుంది. సప్లై మాత్రం 6 వోల్టులు దాటనివ్వకు.

నీ విడిభాగాల డబ్బాలో ఉన్న టీఎల్072 ఆప్‌యాంప్ జోలికి పోకు. పైనా కిందా నాలుగేసి వోల్టులు వదిలితేనే దానికి హామీ. 5 వోల్టుల్లో ఇంక మిగిలేదేముంది? పైగా ఇన్‌పుట్ కింది హద్దు దాటితే అవుట్‌పుట్ ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. ట్యాంకు ఖాళీ అయితే నిండిందని చూపిస్తుంది, మోటరు ఆన్ కాదు.

కొత్త ఐసీ దొరికేలోగా బఫర్‌కి ముందు రెండు 100కె రెసిస్టర్లతో సిగ్నల్‌ని సగం చేసి, ప్రోగ్రాంలో రెండుతో గుణించు. రిజల్యూషన్ సగమవుతుంది, ట్యాంకుకు అది చాలు. ఆప్‌యాంప్‌కి 12 వోల్టులు ఇద్దామంటావేమో, సెన్సర్ వైరు ఊడితే పది వోల్టులు నేరుగా ఆర్డ్యునో పిన్నుకు పోవచ్చు. క్లాంప్ డయోడ్ (వోల్టేజీ హద్దు దాటకుండా పట్టే డయోడ్), ముందు రెసిస్టరు లేకుండా ఆ పని వద్దు.

ఏదైనా మార్చేముందు ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మల్టీమీటరుతో ప్లస్ పిన్ను, అవుట్‌పుట్ రెండూ కొలువు. ప్లస్ దగ్గర 4 దాటి, అవుట్‌పుట్ మూడున్నరే ఉంటే పైన చెప్పిందే. రెండు చోట్లా మూడున్నరే వస్తే ఆప్‌యాంప్ తప్పేం లేదు, సెన్సర్ వైరింగ్ చూసుకో.

మీ పెదనాన్న