భుజం టెండన్ చిరిగితే పీఆర్‌పీ ఇంజెక్షన్ పనిచేస్తుందా?

మీ నాన్నగారి ఎమ్మారైలో సుప్రాస్పైనేటస్ పార్షియల్ టేర్ (భుజం పైభాగంలో కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ కొంతమేర చిరగడం) అని వచ్చింది, షుగర్ ఉంది, స్టెరాయిడ్ వేయించాలా పీఆర్‌పీయా (సొంత రక్తం నుంచే తీసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మా) అని అడిగారు.

టెండన్ పూర్తిగా తెగి ఎముక నుంచి వెనక్కి జరిగిపోయి ఉంటే ఏ ఇంజెక్షనూ దాన్ని అతికించదు, అది ఆపరేషన్ సంగతి. మీ నాన్నగారిది పార్షియల్ కాబట్టి ముందు రెండు మూడు నెలలు ఫిజియోథెరపీ సరిగ్గా చేయించండి. అప్పటికీ తగ్గకపోతేనే ఇంజెక్షన్. స్టెరాయిడ్ త్వరగా నొప్పి తగ్గిస్తుంది, కానీ కొన్నాళ్లు షుగర్ పెంచుతుంది, మళ్లీ మళ్లీ వేస్తే టెండన్‌ బలహీనపడుతుంది. పీఆర్‌పీతో షుగర్ బెడద లేదు. ఫలితం తెలియడానికి మాత్రం 6 నుంచి 12 వారాలు పడుతుంది, అదీ అందరికీ రాదు. పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పడం లేదు. షుగర్ ఉన్నవారికి నా మొగ్గు పీఆర్‌పీకే.

చేతి నుంచి 20–60 మి.లీ. రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. అడుగున ఎర్రకణాలు, పైన పసుపు ప్లాస్మా, రెంటి మధ్య పలచటి తెల్ల పొర. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండేది ఆ పొర దగ్గరే. చివరికి చేతికొచ్చేది 3–6 మి.లీ. మామూలు రక్తంలో మైక్రోలీటరుకు 1.5–4.5 లక్షల ప్లేట్‌లెట్లుంటాయి, ఇందులో దానికి మూడు నుంచి ఐదు రెట్లు ఉండాలి. పై ప్లాస్మా మాత్రమే లాగి వేసేస్తే పేరుకే పీఆర్‌పీ, బిల్లు మాత్రం అంతే! తయారైనదాంట్లో కౌంట్ చూస్తారా అని మొహమాటం లేకుండా అడగండి.

సూది అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చిరుగులోకే వేయాలి. చూడకుండా వేస్తే మందు పక్కకు పోవచ్చు. మత్తు చర్మం వరకే చాలు, పీఆర్‌పీలో కలిపితే టెండన్ కణాలకూ ప్లేట్‌లెట్లకూ దెబ్బే.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వారం పది రోజుల ముందు నుంచీ, తర్వాత కనీసం రెండు వారాలూ వద్దు. అవి ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటాయి. పారాసెటమాల్ వేసుకోవచ్చు. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే గుండె డాక్టరును అడగకుండా ఆపకండి.

మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగడం మామూలే. జ్వరం, ఎరుపు, రోజురోజుకీ పెరిగే నొప్పి ఉంటే వెంటనే చూపించండి. కొద్ది రోజుల విశ్రాంతి తర్వాత చెయ్యి వేలాడదీసి ఊపే పెండ్యులమ్ కదలికలు మొదలుపెట్టాలి, బరువుల వ్యాయామం మాత్రం దాదాపు ఆరో వారం నుంచి. చాలామంది మూడో వారానికే హాయిగా ఉందని నీళ్ల బకెట్లూ గ్యాస్ సిలిండర్లూ ఎత్తేసి మళ్లీ మొదటికొస్తారు.