చిన్నపిల్లలున్న ఇంట్లో రోజూ కుటుంబ ప్రార్థన కుదరడం లేదు, ఏం చేయాలి?

ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది: "పెళ్ళయి ఐదేళ్ళు. ఇద్దరు చిన్నపిల్లలు. భార్యాభర్తలిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. రోజూ కుటుంబ ప్రార్థన చేయాలనుకుంటాం, వారంలో సగం రోజులు కుదరదు. మావారు ఒక్కోసారి కూర్చోరు. దేవునికి దూరమైపోతున్నామేమోనని భయంగా ఉంది. మీ ఇళ్ళలో ఎలా చేస్తున్నారు?"

సిస్టర్, మీ ప్రశ్న చదివితే నాకు భక్తి తగ్గిన ఇల్లు కనిపించలేదు, నిద్ర చాలని ఇల్లు కనిపించింది. మాకూ ఇద్దరే. పాపకి నాలుగేళ్ళు, బాబుకి ఇంకా ఏడాది నిండలేదు. మావారు సంఘంలో పాటలు పాడించే బాధ్యత చూస్తారు, నేనూ ఉద్యోగానికి వెళ్ళొస్తాను. కాబట్టి మీ టెన్షన్ ఏంటో నాకు విడమరిచి చెప్పక్కర్లేదు.

చాలామంది మీకు టైమ్‌టేబుల్ ఇస్తారు. తెల్లవారుజామునే లేవండి, అలారం పెట్టుకోండి, ఎంత అలసిపోయినా మోకరించాల్సిందే అంటారు. అలా చెప్పేవాళ్ళ పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్ళయిపోయి ఉంటారు. రాత్రంతా లేచి లేచి పాలిచ్చిన తల్లికి తెల్లవారుజాము ప్రార్థన గురించి చెప్పేముందు కాస్త ఆలోచించాలి. ప్రొటెస్టెంట్ సంఘాలకి ఆరంభకుడైన మార్టిన్ లూథర్ 1529లో ఇంటి పెద్దల కోసం ఒక చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. సంఘాలు తిరిగి చూసి, మామూలు జనానికి ప్రభువు ప్రార్థన కూడా రావడం లేదని బాధపడి రాసిన పుస్తకం అది. అందులో పొద్దుటికొకటి, రాత్రికొకటి ప్రార్థన ఉన్నాయి. రెండూ చాలా చిన్నవి. పొద్దుటి ప్రార్థన అయ్యాక సంతోషంగా పనికి వెళ్ళమన్నాడు. రాత్రి ప్రార్థన అయ్యాక వెంటనే హాయిగా నిద్రపొమ్మన్నాడు. అప్పటికి ఆయన ఇంట్లోనూ పసిపిల్లలున్నారు, అందుకే ఆ మాట అంత సూటిగా రాయగలిగాడని నేను గట్టిగా నమ్ముతాను. ప్రార్థన ముగించి నిద్రపోవడం కూడా దేవుణ్ణి నమ్మడమే.

మా ఇంట్లో జరిగినది ఒకటి చెప్తాను. మావారిని అడిగే రాస్తున్నాను.

అది శనివారం. బాబుకి జలుబు చేసి చెవిపోటు పట్టుకుంది. డాక్టర్ మందులిచ్చారు, కానీ నొప్పి తగ్గడానికి టైమ్ పడుతుంది కదా. పడుకోబెడితే చాలు, గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నిలువుగా భుజాన వేసుకుంటేనే ఊరుకుంటున్నాడు. ముందు రాత్రంతా నేనే ఎత్తుకుని తిరిగాను, ఆ సాయంత్రానికి నా చేతులు పట్టు తప్పుతున్నాయి. మావారికేమో పాటల ప్రాక్టీసుకి టైమ్ అవుతోంది, మర్నాడు ఆరాధనలో పాడించాలి. ఆయన బూట్లు వేసుకోబోతూ ఆగి నా వైపు చూశారు. తర్వాత ఫోన్ తీసి సంఘంలో ఒక పెద్దాయనకి చేశారు. ఈ రోజూ, రేపూ రాలేనని చెప్పారు. అవతలి నుంచి వచ్చిన జవాబు నాకూ వినపడింది. "బ్రదర్, సాతాను ఇలాగే అడ్డుపడతాడు. దేవుని పని ముందు. బిడ్డ సంగతి ప్రభువే చూసుకుంటాడు, మీరు విశ్వాసంతో వచ్చేయండి."

మావారు గొంతు పెంచలేదు. "అన్నయ్యా, బాబుకి చెవిపోటు. వాళ్ళమ్మ నిన్న రాత్రి కన్ను మూయలేదు. ఈ రాత్రి నా వంతు. పాటలు తమ్ముడు పాడిస్తాడు, వాడికి చెప్పాను" అని పెట్టేశారు. బాబుని నా భుజం మీద నుంచి తీసుకుని, "నువ్వెళ్ళి పడుకో" అన్నారు.

పాప పక్కన ఒరిగినదాన్ని ఒరిగినట్టే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు. బాబు ఆయన ఛాతీ మీద బోర్లా పడి, నోరు తెరుచుకుని, చొక్కా మీద చొంగ కారుస్తూ నిద్రపోతున్నాడు. మర్నాడు పాడించాల్సిన పాటనే ఆయన పెదవి కదిలీ కదలనట్టు కూనిరాగం తీస్తున్నారు. ఒకటే చరణం, తిప్పి తిప్పి. ఆపితే వాడు కదులుతున్నాడట. పక్కన నేల మీద ఫోన్‌లో వెలుతురు బాగా తగ్గించి 121వ కీర్తన తెరిచి ఉంది. నిన్ను కాపాడేవాడు కునకడు అని చెప్పే కీర్తన.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయనే అన్నారు: "నీకొకటి చెప్పాలి. కొన్ని నెలలుగా అందరిముందూ పాడుతున్నాను గానీ, నాకు ప్రార్థన రావట్లేదు. కళ్ళు మూసుకుంటే ఆఫీసే గుర్తొస్తోంది. ఈ రాత్రి వీణ్ణి ఎత్తుకుని తిరుగుతుంటే, చాలా రోజుల తర్వాత దేవుడితో మాట్లాడినట్టు అనిపించింది."

ప్రతి ఆదివారం అంతమంది చేత పాడించే మనిషి లోపల అంతగా ఎండిపోయి ఉన్నారని నాకు అప్పటిదాకా తెలీదు. కుటుంబ ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాం, అందులో ఈ మాట ఎన్నడూ రాలేదు. సంఘం కోసం, సేవకుల కోసం, బంధువుల కోసం అని వరసగా చేసుకుపోయే ప్రార్థనలో ఇలాంటి మాటకి సందు దొరకదు. ఆయన చెయ్యి పట్టుకుని ఆయన కోసం ప్రార్థించాను. నాలుగు మాటలే, బాబు లేస్తాడని గుసగుసగా. ఆమెన్ అనేసరికి ఆయన నా భుజం మీద తల వాల్చేశారు. పెళ్ళయ్యాక మేమిద్దరం అంత దగ్గరైన రాత్రి నాకు ఇంకోటి గుర్తులేదు.

మర్నాడు ఆరాధనలో తమ్ముడు చక్కగా పాడించాడట.

'దేవుని పని ముందు' అన్న మాట మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. నొప్పితో ఉన్న బిడ్డను ఎత్తుకోవడం ఎవరి పని మరి? మార్కు సువార్త 7వ అధ్యాయం తీసి చూడండి. అమ్మానాన్నలకి పెట్టాల్సిన దాన్ని 'ఇది దేవునికి అర్పించేశాం' అని చెప్పి తప్పించుకునేవాళ్ళని యేసు ప్రభువు ఎంత గట్టిగా గద్దించాడో అక్కడ ఉంది. దేవుని పేరు చెప్పి ఇంటివాళ్ళని గాలికొదిలేయడం ఆయనకి నచ్చలేదు. సొంత ఇంటినే చక్కగా నడుపుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పౌలు తిమోతికి రాశాడు. వారంలో దాదాపు ప్రతి సాయంత్రం ఏదో ఒక కూడిక ఉంటోంది. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే. అన్నింటికీ హాజరయ్యే చిన్న కుటుంబం కలిసి అన్నం తినేది ఎప్పుడో, పిల్లల్ని త్వరగా పడుకోబెట్టేది ఎప్పుడో కాస్త ఎవరైనా లెక్క చూడాలి. రాత్రి పొద్దుపోయేదాకా కూడికలో ఉండి, నిద్రమత్తులో ఏడుస్తున్న పిల్లల్ని వెనక వరసలో గద్దించే తల్లుల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో సంగతి. సంఘంలో ఎవరూ నోరు విప్పి మాట్లాడరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. భార్యాభర్తల దగ్గరతనం భక్తికి అడ్డమన్నట్టు చాలామంది లోలోపల అనుకుంటారు. శరీరంతో ఉండే ప్రేమ కాస్త తక్కువరకం అని, ఆత్మీయంగా ఎదిగినవాళ్ళకి అది అక్కర్లేదని. ఈ మాట బైబిల్లో ఎక్కడుందో నాకు చూపించమనండి. మొదటి కొరింథీయులకు 7:5లో పౌలు చెప్పింది స్పష్టంగా ఉంది. ప్రార్థన కోసం దంపతులు ఎడంగా ఉండాలంటే ఇద్దరికీ సమ్మతి ఉండాలి, అదీ కొంతకాలమే, తర్వాత మళ్ళీ కలుసుకోవాలి. భార్యతో గానీ భర్తతో గానీ ఒక్క మాట చెప్పకుండా 'నేను ఉపవాసంలో ఉన్నాను' అని దుప్పటి తీసుకుని వేరే గదిలోకి వెళ్ళిపోవడం ఆ వాక్యానికి విరుద్ధం. ద్వితీయోపదేశకాండము 24:5 అయితే ఇంకా ముందుకెళ్ళింది. కొత్తగా పెళ్ళయినవాణ్ణి ఏడాదిపాటు యుద్ధానికి పంపకూడదు, అతని మీద ఏ పనీ మోపకూడదు, ఇంటిపట్టున ఉండి భార్యను సంతోషపెట్టాలి. దేశానికి సైన్యం అవసరమైన కాలంలో ఇచ్చిన ఆజ్ఞ అది.

భార్యను గౌరవంగా చూసుకోండి, లేకపోతే మీ ప్రార్థనలకే అడ్డం వస్తుందని పేతురు మొదటి పత్రిక 3:7లో భర్తలకి రాశాడు. దీని మీద ఒక పూర్తి ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు. ఎఫెసీయులకు 5:22, భార్యలు లోబడి ఉండాలన్నది మాత్రం ఏ పెళ్ళికి వెళ్ళినా వింటాను. దాని ముందున్న 21వ వచనం ఒకరికొకరు లోబడమంది. 25వ వచనం, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించమని భర్తకి చెప్పింది. మూడూ కలిపి చదివితే మా ఆయన ఆ శనివారం చేసిన పని ఏ వచనం కిందికి వస్తుందో తెలుస్తుంది.

అలాగని రోజూ తప్పకుండా ప్రార్థన జరిగే ఇంట్లో గొడవలుండవనీ అనుకోకండి. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా గురించి చాలా ప్రసంగాల్లో వినే ఉంటారు, ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పరు. ఆమె భర్త శామ్యూల్ వెస్లీ ఇంగ్లండులో పాస్టరు. కుటుంబ ప్రార్థనలో ఆయన విలియం రాజు కోసం ప్రార్థిస్తే ఆమె ఆమెన్ అనలేదు. విలియం సింహాసనానికి నిజమైన హక్కుదారు అని ఆమె ఒప్పుకోలేదు. ఆ మాట మీద పట్టుదలకు పోయి ఆయన ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. 1702లో విలియం చనిపోయాడు, ఇద్దరూ ఒప్పుకునే ఆన్ రాణి అయింది, ఆయనా ఇంటికి తిరిగొచ్చాడు. 1703లో జాన్ పుట్టాడు. అంటే ఆ ఇంట్లో ప్రార్థన క్రమంగానే జరుగుతోంది, ఇల్లు చీలింది మాత్రం ఆ ప్రార్థన దగ్గరే. అందుకే ప్రార్థనకంటే ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలని నేను గట్టిగా అంటాను.

ఆ సుసన్నా దగ్గరే నేను నేర్చుకున్నది ఇంకోటుంది. 19 మందిని కన్నది, 9 మంది పసితనంలోనే పోయారు. అప్పుడు ఇంట్లో ఉన్న పిల్లలతో వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కొక్కరి చొప్పున విడిగా కూర్చుని మాట్లాడేది. గురువారం జాన్‌ది. పెద్దవాడయ్యాక కూడా అతను ఆ గురువారం సాయంత్రాలు తలుచుకుని తల్లికి ఉత్తరం రాశాడు. పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి గంటసేపు వాక్యం చదివిన దానికంటే, ఒక బిడ్డతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడింది ఎక్కువ నిలుస్తుంది. ఇది నా నమ్మకం, ఎవరు కాదన్నా వదులుకోను.

ద్వితీయోపదేశకాండము 6:7లో కూడా దేవుని మాటలు పిల్లలకి ఎప్పుడు చెప్పాలో ఉంది: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఇవి మీ ఇంట్లో ఎలాగూ ఉండే సమయాలే. మా పాపకి స్కూలు బూట్ల లేసులు కట్టేటప్పుడే ప్రశ్నలు పుడతాయి. మొన్న "యేసయ్యకి చిన్నప్పుడు చెప్పులు ఎవరు తొడిగేవాళ్ళు?" అని అడిగింది. వాళ్ళమ్మ మరియ అన్నాను. "యేసయ్య కాళ్ళు ఆడించేవాడా మరి?" అంది, తను ఆడిస్తూనే. ఆడించే ఉంటాడన్నాను. పెద్దయ్యాక ఆయనే కిందకి వంగి శిష్యుల కాళ్ళు కడిగాడని చెప్పాను. లేసు ముడి వేసేలోపు అయిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి రాగానే పరిగెత్తి వెళ్ళి ఆయన చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. దయచేసి ఇలాంటివి ఫోన్‌లో తీసి స్టేటస్‌లో పెట్టకండి. పిల్లలు కెమెరా కోసం ప్రార్థించడం చాలా త్వరగా నేర్చుకుంటారు.

ఇక మీవారు ఒక్కోసారి కూర్చోరన్నారు. ఆయన్ని పిల్లల ముందు అడగకండి, వాక్యం ఎత్తి చూపకండి. పిల్లలు పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి, "రేపు మీకు ఏం ఉంది? నేను దేని కోసం ప్రార్థించను?" అని అడగండి. మొదట్లో "ఏం లేదులే" అంటారు. అయినా అడగండి. మావారు ఇప్పుడు పొద్దుట బయల్దేరేటప్పుడే ఒక్క మాట చెప్పి వెళ్తారు. ఫలానా మీటింగ్ ఉందనో, ఫలానా అతనితో మాట్లాడటం కష్టంగా ఉందనో. పని చేసుకుంటూనే దాని కోసం ప్రార్థిస్తాను, సాయంత్రం ఏమైందని తప్పకుండా అడుగుతాను. నాకు ఆఫీసులో ఏదైనా ఉంటే ఆయనా అంతే. రాత్రి పాపతో కలిసి ప్రభువు ప్రార్థన చెప్పుకుని లైటు తీసేస్తాం. వీలైన రోజు అందరం కూర్చుని ఒక పాట పాడుకుని, ఒక కీర్తన చదువుకుంటాం. బాబుకి పళ్ళు వస్తున్నాయి కాబట్టి ఈ మధ్య అలాంటి రోజులు తక్కువే. మీ చిన్నవాళ్ళ వయసు ఎంతో రాయలేదు, పాలు తాగే బిడ్డ ఉంటే మాత్రం ఇప్పుడే ఏ టైమ్‌టేబుల్ పెట్టుకోకండి.